మిషన్ నడిస్తే చాలా?

కోవిడ్ నాడు మన సంఘం కొన్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు, సక్షన్ మిషన్లు ఇప్పటికీ సోలాపూర్‌లో మనవాళ్ల ఇళ్లకు పోయి వస్తూనే ఉన్నాయి. పోయిన నెల ఒక సక్షన్ మిషన్ వాపసు వచ్చింది. నడుస్తోంది. కానీ రెండు రంధ్రాల బోర్డులో పట్టడానికి ప్లగ్గులోని లావు పిన్ను ఎవరో విరిచేశారు. "నడుస్తుంది గదా, ఇయ్యండి" అన్నారు కొందరు. మేము ఇవ్వలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి పోవాలి.

1950లలో అమెరికాలోని మినియాపోలిస్‌లో గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు పేస్‌మేకర్ పెట్టేవారు. అది బండి మీద ఉండే పెద్ద పెట్టె. దాని వైరు గోడ ప్లగ్గుకు, ఇంకో కొస పిల్లల గుండెకు. 1957 అక్టోబర్ 31న కరెంటు పోయి ఒక పసిబిడ్డ చనిపోయింది. డాక్టర్ లిల్లెహై అడిగితే, ఆసుపత్రి మిషన్లు రిపేరు చేసే ఎర్ల్ బాకెన్ నాలుగు వారాల్లోనే బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె చేసి ఇచ్చాడు.

కరెంటు పోవడం ఒక ప్రమాదమైతే, మిషన్ నుంచి కరెంటు లీకవడం ఇంకొకటి. మన చేతికి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 1000 మైక్రోఆంపియర్లు కావాలి. అదే నేరుగా గుండెకు తగిలితే 20 మైక్రోఆంపియర్లకే గుండె లయ తప్పవచ్చని 1960లలో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అంటే ముట్టుకున్న నర్సుకు ఏమీ తెలియదు, రోగి ప్రాణం పోవచ్చు.

1971లో రాల్ఫ్ నాడర్ ఒక మహిళా పత్రికలో, అమెరికా ఆసుపత్రుల్లో ఏటా కనీసం 1200 మంది ఇలా షాక్‌తో చనిపోతున్నారని రాశాడు. ఆ లెక్కకు గట్టి ఆధారం దొరకలేదు. కానీ ఆ గొడవతో ఆసుపత్రుల్లో పరీక్షలు పెరిగాయి. 1977లో అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 601-1 వచ్చింది. మామూలుగా నడిచేటప్పుడు గుండెకు తగిలే భాగం నుంచి లీకేజీ 10 మైక్రోఆంపియర్లు దాటకూడదని అది గీత గీసింది. 2007లో వచ్చిన ఐఈసీ 62353, వాడుకలో ఉన్న మిషన్లనూ రిపేరైనవాటినీ ఎలా పరీక్షించాలో చెప్పింది.

మన ఇళ్లలో ఎవరి గుండెకూ వైరు లేదు, నిజమే. కానీ ఎర్త్ కావలసిన మిషన్‌కు లోపల ఇన్సులేషన్ పోతే, ఆ లావు పిన్నే దిక్కు. అది లేకపోతే పైరేకులోకి కరెంటు వస్తుంది. చెమట పట్టిన, చేయి లాక్కోలేని రోగి పక్కనే అది ఉంటుంది. మరమగ్గాల షెడ్లలో పెరిగినవాళ్లం, టెస్టర్ పెట్టి చూస్తే చాలనుకుంటాం. టెస్టర్ లైటు లీకేజీ ఎంతో చెప్పదు, ఎర్త్ బాగుందో లేదో అసలే చెప్పదు.

అందుకే ఇకమీదట ప్రతి మిషన్‌ను బయోమెడికల్ టెక్నీషియన్‌తో ఎర్త్, లీకేజీ పరీక్ష చేయించి, తేదీ చీటీ అంటించాకే ఇస్తాం. చీటీ లేనిది తీసుకోకండి. ఒకదానిలో ఇంకొకటి ఉన్న రెండు చదరాల గుర్తు ఉంటే ఆ మిషన్‌కు ఎర్త్ అక్కర్లేదు. మిగతావాటికి మూడు పిన్నుల సాకెట్టే కావాలి. మీ ఇంట్లో అది లేకపోతే ముందే చెప్పండి, మన పిల్లల్లో వైరింగ్ తెలిసినవాళ్లను పంపిస్తాం. పిన్ను మాత్రం విరవకండి.