మట్టిమిద్దె చరిత్రము

మన చరిత్రకారులు కోటలను కొలిచిరి, గోపురములను వర్ణించిరి, శాసనములను అక్షరమక్షరము చదివిరి. రైతు కాపురమున్న యింటిని మాత్రము చూచియు చూడనట్లు దాటిపోయిరి. ఇంగ్లండులో నట్లుగాదు. అచ్చటి కర్షకుల పాతయిండ్ల దూలము లెప్పటివి, పొగగొట్టము ఎన్నడు వచ్చెను, అని పండితులు గ్రంథములు వ్రాసిరి. 1947లో చేసిన చట్టము మొదలు అట్టి యిండ్లు వేలకొలది పట్టికల కెక్కి రక్షణ పొందినవి. డార్ట్‌మూరు ప్రాంతమున మనుష్యులును పశువులును ఒకే వాకిట ప్రవేశించి, ఒకే కప్పుక్రింద చెరియొక వైపున నివసించిన పొడుగాటి రాతియిండ్లు నేటికిని నిలిచియున్నవి. ఆ వర్ణనలు చదివినప్పుడు మాకు పరదేశము తోపలేదు. ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలే తోచినవి.

నల్లమల, ఎఱ్ఱమలల నడుమ కుందేరు పాఱు ఈ నల్లరేగడి సీమలో రైతుటిల్లనగా మట్టిమిద్దె. గోడలకు నాపరాయి. ఈ రాయి నేలలోనే పొరలుపొరలుగా నుండుటచే గడ్డపాఱతో నెత్తిన పలకలై లేచును. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ సీమ శిలల వరుసలకు కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అని మన యూళ్ల పేరులే పెట్టిరి. లోపల కొయ్యకంబములు, వానిపై దూలములు, దూలములపై దంతెలు. వానిమీద కట్టెలో బండలో పఱచి, మన్ను వేసి, పైని చవుడు కప్పుదురు.

ఈ చవుటి సంగతి కొంత చెప్పవలెను. పైరు మొలవని చవిటినేలను రైతు తిట్టును. ఆ మన్నునే బండ్లతో తెచ్చి తన నెత్తిపై కప్పుకొనును. అందలి సోడియపు లవణములవలన బంకమట్టి రేణువులు విడివడి, తడియగానే సందులను పూడ్చును; నీరు దిగదు. రసాయనశాస్త్రము చదువనివారు దీనిని కనిపెట్టిరి. అయితే వానలకు ముందు మరల మరల క్రొత్త చవుడు వేయవలెను. వేసినకొలది బరువు పెరుగును. ముసురు పట్టినపుడు దంతె విఱిగి, నిద్రించువారిపై కూలిన మిద్దెలును కలవు. పాతదంతయు మంచిదని పాడువారు దీనిని మఱవరాదు.

వెలుతురు గవాచినుండి దిగును. సంస్కృతమున గవాక్షము గోడకుండు కిటికీ. మన రైతు మాటను గవాచిగా మార్చి కప్పున కెక్కించెను. వానవచ్చిన బండ మూసిన చాలును. గోడకు కిటికీ లేకుండుటకు ఎండ యొక కారణము, దోపిడిభయ మింకొకటి యని మాకు తోచుచున్నది. 1800లో కోయిలకుంట్ల సీమ కుంపిణీ వశమై మన్రో పాలనలోనికి వచ్చెను. నంద్యాల 1839 వఱకు కర్నూలు నవాబు క్రిందనే యుండెను. ఏలుబడులు రెండు, గవాచి యొకటే.

ధాన్యమునకు పాతర. గడ్డిపఱచి జొన్నలుపోసి మన్నుతో మూయుదురు. తెఱచిన వెంటనే దిగినవాడు చెడుగాలికి చచ్చును. కావున దీపము దింపి, అది ఆఱకున్న పిమ్మటనే దిగుట వాడుక. 1866 కఱవున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి కీర్తిగాంచెను. దాచిన గింజ లేనిచోట దానము లేదుగదా!

ఇక వంటయిల్లు. ఇంగ్లండు రైతుల యిండ్లలో 16, 17 శతాబ్దములందు పొగగొట్టము వ్యాపించినది. మన మిద్దెలలో పొగకు గవాచియే దిక్కు. వానకాలమున అదియు మూతపడును. రాయి కొఱతయా? కాదు. పనివారి నేర్పు కొఱతయా? ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహములు దేశదేశములకు పోవుచున్నవి. ఇల్లు కట్టునపుడు పొయ్యి యూదు నామె మాట నెవరు నడుగలేదు; అంతే. వీథియరుగు మాట యింకొకటి. దానిపై నెవరు కూర్చుండవలెనో, ఎవరు క్రిందనే నిలువవలెనో రాతిపై వ్రాయకయే అందఱకును తెలిసియుండెను. శాసనములు చెప్పని చరిత్ర ఇది.

నేడు మిద్దెలు పడగొట్టి సిమెంటు కప్పులు వేసికొనుచున్నారు. వలదనుటకు మేమెవ్వరము? చవుడు మోయు కష్టము మోసినవారికి తెలియును. పడగొట్టుటకు ముందు కొలత తీయుడని మాత్రము కోరుచున్నాము. నంద్యాల 2022లో జిల్లా యైనది. జిల్లా చరిత్ర వ్రాయబూనువారికి ఈ కొలతలు కావలసివచ్చును. మా విద్యార్థుల కొక పట్టిక గీసి యిచ్చితిమి. గోడ మందమునకు, దంతెల లెక్కకు, పాతర లోతునకు గడులు కలవు. పొగ పోవు త్రోవకొకటి, అరుగుమీద ఎవరు కూర్చుండిరను దాని కొకటి, చివర చేర్చితిమి.