హైటెక్ సిటీ మెట్రో: ఒక టెండరు చరిత్ర

హైటెక్ సిటీకి మెట్రో రైలు 2019 మార్చి 20న వచ్చింది. అక్కడ దిగి ఉద్యోగాలకు పోయే మన పిల్లలకు అది నిన్నటి మాట. దాని ఫైలు మాత్రం పాతది. టెండర్ల ఫైళ్లు నడిపి రిటైరైన మన సభ్యులకు అందులోని లెక్కలు తెలియడం మంచిదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

2008లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడు మార్గాలలో 71 కిలోమీటర్ల మెట్రోను ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టించదలచింది. అంచనా వ్యయం 12,132 కోట్లు. పద్ధతి టోల్ రోడ్లదే. కట్టినవారు మూడు దశాబ్దాలకు పైగా చార్జీలు వసూలు చేసుకుని, ఆ తరువాత ప్రభుత్వానికి అప్పగించాలి. గిట్టుబాటు కాకపోతే లోటు భర్తీకి గ్రాంటు అడగవచ్చు. పోటీదార్లు తమకెంత గ్రాంటు కావాలో రాశారు. మేటాస్ కూటమి మాత్రం గ్రాంటు అక్కరలేదు సరికదా, తామే ఎదురు 30,311 కోట్లు చెల్లిస్తామన్నది! పత్రికలు ఆ అంకెను పెద్దక్షరాలలో వేశాయి. అది ఏళ్ల తరబడి చెల్లించే మొత్తం. అప్పటి విలువకు కడితే సుమారు 1,240 కోట్లు. కమ్యుటేషన్ లెక్క చూసుకున్న పెన్షనర్లకు ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

ఎస్టిమేటు కన్నా మరీ తక్కువకు కోట్ చేసిన కాంట్రాక్టరును "ఎలా గిట్టుతుంది?" అని అడగడం, అదనపు డిపాజిట్ కట్టించుకోవడం మన ఆఫీసుల ఆనవాయితీ. ఢిల్లీ మెట్రో నిర్మాత ఇ. శ్రీధరన్ ఆ ప్రశ్నే అడిగారు. వాణిజ్యానికి ఇచ్చే వందల ఎకరాల భూమిపైనే వారి కన్ను ఉందని ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయనపై పరువునష్టం దావా వేస్తామన్నది. ఎంతైనా, పాతకాలపు ఇంజనీరు మాట!

నాలుగు నెలలైనా తిరగలేదు. మేటాస్ అంటే సత్యంను తిరగేసి చదవడమే. రెండూ ఒకే కుటుంబానివి. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ సొమ్ముతో మేటాస్ సంస్థలను కొనబోగా వాటాదారులు అడ్డుపడ్డారు. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకున్నారు. మెట్రోకు అప్పు పుట్టలేదు. జులైలో ఒప్పందం రద్దయింది.

రెండవసారి టెండరులో ఎల్ అండ్ టి 1,458 కోట్ల గ్రాంటు అడిగింది. 2010 సెప్టెంబరు 4న ఒప్పందం కుదిరింది. ఈ కంపెనీ దక్షతను ఎవరూ శంకించలేరు. పని గట్టిగానే చేసింది. చిక్కంతా రాబడి లెక్కలోనే వచ్చింది. టిక్కెట్లతో గిట్టదు గనుక డిపోల వద్ద, స్టేషన్ల వద్ద ఇచ్చిన 269 ఎకరాలలో మాల్సు, ఆఫీసులు కట్టి అద్దెలతో పూడ్చుకోవాలన్నది ఏర్పాటు. పంజాగుట్టలో, హైటెక్ సిటీలో మాల్సు లేచాయి గాని అనుకున్నంత అద్దె రాలేదు. పనులు ఆలస్యమై ఖర్చు పెరిగింది. మొదటి రైలు నడిచింది 2017 నవంబరులో. పాతబస్తీ భాగం నిలిచిపోయింది. 2020 మార్చిలో కరోనాతో అయిదు నెలలకు పైగా రైళ్లే ఆగాయి. ఐ.టి. ఉద్యోగులు ఇళ్లలో కూర్చుని పనిచేశారు. టిక్కెట్లు తెగకపోయినా బ్యాంకు వడ్డీ ఆగదు కదా! 2020-21లో నష్టం 1,700 కోట్లు దాటింది. 2023 డిసెంబరు నుంచి ఆడవారికి ఆర్.టి.సి. ప్రయాణం ఉచితం కావడంతో కూడా గిరాకీ తగ్గిందని కంపెనీ చెప్పుకొన్నది. 2025 మేలో చార్జీలు పెంచినా ఒడ్డెక్కలేదు.

ఢిల్లీలో ఇదే జరిగింది. అక్కడి విమానాశ్రయ మెట్రోను రిలయన్స్ సంస్థ 2013లో వదిలేయగా ప్రభుత్వ సంస్థే తీసుకుని నడిపింది. ఇక్కడ 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం మెట్రోను తానే తీసుకోవాలని నిర్ణయించింది. దాదాపు 13,000 కోట్ల అప్పును తలకెత్తుకుని, వాటాకు మరో 2,000 కోట్లు కంపెనీకి ఇవ్వడానికి ఒప్పుకొన్నది. నష్టభయం ప్రైవేటువారిదేనని 2008లో చెప్పిన ఏర్పాటు ఇలా ఖజానాకు చేరింది. మన పెన్షను, డి.ఆర్. వచ్చేదీ ఆ ఖజానా నుంచే.