షాడీ: పాతబట్టకు పట్టిన చెడ్డపేరు

నాసిరకం సరుకును ఇంగ్లీషులో ‘షాడీ’ అంటారు. ఆ మాట మొదట ఒక బట్ట పేరు. నెపోలియన్ యుద్ధాల వల్ల ఉన్నికి కరువొచ్చిన రోజుల్లో, 1813 ప్రాంతంలో, యార్క్‌షైర్‌లోని బాట్లీలో బెంజమిన్ లా పాత ఉన్నిగుడ్డలను పీచుగా చీల్చి, కొత్త ఉన్ని కలిపి దారం వడికించాడు. మన ఇళ్ళలో పాతచీరలతో కుట్టే బొంతలో గుడ్డ గుడ్డగానే ఉంటుంది. ఇక్కడ అది మళ్ళీ పీచై, కొత్త బట్టగా మగ్గం మీదికి వచ్చింది.

క్రమంగా యూరప్ నలుమూలల చింకిగుడ్డలు బాట్లీకి, పక్కనున్న డ్యూస్‌బరీకి చేరసాగాయి. వాటిని రకాల వారీగా, రంగుల వారీగా ఏరి, కుట్లు, గుండీలు తొలగించే పని ఎక్కువగా స్త్రీలది. గుడ్డను చీల్చే ఇనుప పళ్ళ యంత్రానికి ‘దయ్యం’ అని పేరు. ఆ దుమ్ముతో వచ్చే జ్వరానికీ షాడీ పేరే పెట్టారు.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలవగానే గుత్తేదార్లు ఉత్తర సైన్యానికి అంటగట్టిన షాడీ దుస్తులు వానకు తడిసి విడిపోయాయి. అపకీర్తి గుత్తేదార్లతో పాటు బట్టకూ అంటింది. నిజానికి కొత్త ఉన్ని తగినంత కలిపితే షాడీ బాగానే మన్నుతుంది. బాట్లీ ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు దానితోనే బతికింది.

చలిదేశాల వారు విడిచిన స్వెట్టర్లు నేడు పానిపట్‌లో ఇదే పద్ధతిన కంబళ్ళవుతున్నాయి. ఇటలీలోని ప్రాతోలో తయారయ్యే అలాంటి బట్టను ఫ్యాషన్ సంస్థలు ‘రీసైకిల్డ్ ఊల్’ అని చీటీ కుట్టి గర్వంగా అమ్ముతున్నాయి. ఆ చీటీ మీద షాడీ అని రాసేవారు అరుదు.