తొవ్వలు చెప్పే చరిత్ర: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లె బాటల్లో సైకిల్ ప్రయాణం – ఒక పరిశీలన

సారాంశం:
వాహనాల సందడి తక్కువగా ఉండే పల్లె రోడ్లపై చారిత్రక ప్రాంతాల గుండా సాగే సైకిల్ ప్రయాణాన్ని సాధారణంగా వ్యాయామంగానో విహారంగానో పరిగణిస్తారు. పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఆధారంగా, ఇటువంటి ప్రయాణం స్థానిక చరిత్ర అధ్యయనానికి ఒక పద్ధతిగా ఎలా ఉపయోగపడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇక్కడి బాటలు చారిత్రక స్థలాలకు చేర్చే దారులు మాత్రమే కావు, అవే చారిత్రక ఆధారాలు కూడా అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సైకిల్, పల్లె బాట, చెరువు కట్ట, కాకతీయులు, వెట్టి, గడి, తెలంగాణ సాయుధ పోరాటం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యంలో ప్రయాణ వర్ణనకు సుదీర్ఘ చరిత్ర ఉంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల నడకను, వారి పాటలను నమోదు చేశాడు. 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రలో దారిలోని మజిలీలను, ఊళ్లను, వసతులను వివరంగా రాశాడు. ఈ ఇద్దరి రచనల్లోనూ కనిపించే సూక్ష్మ పరిశీలనకు ఒక కారణం ప్రయాణ వేగం. యాత్రికుడు నడిచాడు, వీరాస్వామయ్య బోయీలు మోసే పల్లకిలో సాగాడు. ఊరికీ ఊరికీ మధ్య ఉన్న నేల వారి కళ్లముందు నుంచి మెల్లగా కదిలింది.

రైలు, బస్సు, కారు ప్రయాణ సమయాన్ని తగ్గించాయి. దానితోపాటు ఊళ్ల నడుమ ఉన్న నేల ప్రయాణికుడి దృష్టి నుంచి తప్పుకుంది. గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు సాగే సైకిల్ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. నడకకు అందని దూరం ఒక పూటలో సాధ్యమవుతుంది. అయినా రోడ్డు పక్కన ఉన్న వీరగల్లు కంటపడకుండా పోదు. నేల ఎత్తుపల్లాలు కాళ్లకు తెలుస్తాయి. ఈ చివరి అంశం చెరువుల ప్రాంతంలో ముఖ్యమైనదని ముందు భాగాల్లో తేలుతుంది.

2. సందడి తగ్గడానికి కారణాలు

ఒక బాటపై వాహనాలు తక్కువగా ఉండటం యాదృచ్ఛికం కాదు. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి వరంగల్ వైపు వేసిన రైలు మార్గం 1889 నాటికి బెజవాడను చేరింది. జనగామ, మహబూబాబాద్, డోర్నకల్, గార్ల ఆ మార్గంలోని స్టేషన్లు. ధాన్యం, పత్తి, నూనెగింజల వ్యాపారం స్టేషన్లున్న ఊళ్లకు చేరింది. 1932లో నిజాం రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. తరువాతి దశాబ్దాల్లో వచ్చిన రహదారులు రాకపోకలను మరింతగా కొన్ని మార్గాలకే పరిమితం చేశాయి. నేడు హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారిపై ఎడతెగని ప్రవాహం ఉంటుంది. ఆ రహదారి దిగి లోపలికి వెళ్తే చాలాచోట్ల ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు, గొర్రెల మందలు మాత్రమే ఎదురవుతాయి.

ఈ పరిస్థితిని మరోవైపు నుంచి కూడా చూడాలి. నగరం నుంచి వచ్చిన సైకిల్ ప్రయాణికుడికి ప్రశాంతంగా తోచే బాట, బస్సు కోసం ఎదురుచూసే ఊరివారికి ఒక లోటు. కోతల కాలంలో ఇదే డాంబరు రోడ్డుపై రైతులు వడ్లు ఆరబోస్తారు. వాహనాలు తక్కువ కాబట్టే రోడ్డు కల్లంగా మారుతుంది. అందువల్ల 'ఖాళీ రోడ్డు' అనే మాట సరైనది కాదు. అది వేరే పనులకు ఉపయోగపడుతున్న రోడ్డు.

3. జనగామ: బాటపై హక్కు

జాతీయ రహదారి పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పనితనానికి ప్రసిద్ధి. రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న కోటకు నెలవు. గీత కులంలో పుట్టి, 1708లో వరంగల్ పట్టణాన్ని కొల్లగొట్టిన పాపన్న కథ మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రచనలోనూ, జానపదుల నోటా నిలిచింది. జనగామ ప్రాంతపు గూడూరులో లభించిన విరియాల కామసాని శాసనం తెలుగు వృత్త పద్యాలున్న ప్రాచీన శాసనాలలో ఒకటి.

పాలకుర్తి పరిసరాల్లో ఈ చరిత్ర మరింత దట్టంగా పరుచుకొని ఉంది. సోమనాథుడి పేరుతో ముడిపడిన పాలకుర్తి, పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, వాల్మీకి ఐతిహ్యం ఉన్న వల్మిడి, దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అధికార కేంద్రమైన విస్నూరు, దొడ్డి కొమరయ్య అమరుడైన కడవెండి, ఇవన్నీ ఒక రోజు సైకిల్ ప్రయాణంలో చూసి రాగల దూరంలో ఉన్నాయి. కవుల ఊళ్లకూ పోరాటపు ఊళ్లకూ నడుమ ఉన్నవి అవే బాటలు, అవే పొలాలు.

వెట్టి వ్యవస్థను బాటల దృష్టితో చూసినవారు తక్కువ. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై రాసిన గ్రంథంలో వెట్టి రూపాలను వివరించాడు. దొర సవారీ బండి కదిలితే దానికి ముందూ వెనుకా వెట్టివారు పరుగెత్తాలి. ఊరి నుంచి ఠాణాకూ తాలూకా కచేరీకీ కబురు మోయడం దళిత కుటుంబాల పని. అంటే ఈ బాటలపై అందరికన్నా ఎక్కువగా తిరిగినవారికే బాటపై హక్కు లేదు. గడి ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవలసి రావడం ఆ కాలపు జ్ఞాపకాల్లో తరచుగా వినిపించే అంశం.

ఈ నేపథ్యంలో 1946 జూలై 4న కడవెండిలో జరిగిన సంఘటనకు మరో అర్థం కనిపిస్తుంది. ఆనాడు సంఘం ఊరేగింపు ఊరి బాటలో గడి దగ్గరకు చేరినప్పుడు దొర మనుషులు కాల్పులు జరిపారు. కొమరయ్య నేలకొరిగాడు. చాకలి ఐలమ్మ తన పంట కోసం, షేక్ బందగీ తన భూమి కోసం నిలబడ్డారు. కడవెండి ఊరేగింపు నిలబడింది బాట కోసం కూడా. గడి ముందు నుంచి తలెత్తుకొని, నినాదం చేస్తూ నడవడమే అక్కడ ధిక్కారం.

సుందరయ్య పార్లమెంటుకు సైకిల్‌పై వెళ్లిన సంగతి ప్రసిద్ధం. దాన్ని సాధారణంగా ఆయన నిరాడంబరతకు గుర్తుగా చెబుతారు. సవారీ బండి ముందు మనుషులు పరుగెత్తిన ప్రాంతపు చరిత్ర రాసిన వ్యక్తి, ఎవరి శ్రమా మోయనక్కరలేని వాహనాన్ని ఎంచుకోవడం గమనించదగినది. ఇవాళ బడిపిల్లలు గడి ముందు నుంచి సైకిల్ దిగకుండా వెళ్లిపోతారు. ఆ మామూలుతనం వెనుక ఒక పోరాటం ఉంది.

4. మహబూబాబాద్: కట్టపై నుంచి చూపు

మానుకోటగా వ్యవహారంలో ఉన్న మహబూబాబాద్ ప్రాంతంలో బాటలకూ చెరువులకూ ఉన్న సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది. కురవి వీరభద్రస్వామి ఆలయం ప్రసిద్ధ శైవక్షేత్రం. ముదిగొండ చాళుక్యుల కాలానికి చెందిన కొరవి శాసనం తెలుగు గద్య పరిణామాన్ని చర్చించేవారు తరచుగా ఉదాహరించే ఆధారం. బయ్యారం చెరువు వద్ద గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే ముఖ్యమైన వాటిలో ఒకటి. ఒక రాజవంశపు తొలి పురుషుల వివరాలు కోటగోడపై కాకుండా చెరువు దగ్గర దొరకడం ఆ పాలనలో చెరువుకు ఉన్న స్థానాన్ని తెలుపుతుంది.

చెరువు కట్ట రెండు మెరక నేలలను కలుపుతుంది. అందువల్ల వాగు దాటడానికి అనువైన దారి కూడా అదే అవుతుంది. ఊరి బాట కట్ట ఎక్కుతుంది. ఒక పక్క నీరు, మరో పక్క దిగువన ఆయకట్టు పొలాలు. తూము దాటాక బాట మళ్లీ వంపు తిరిగి మత్తడి దగ్గర దిగుతుంది. వానాకాలంలో మత్తడి దూకితే రాకపోకలు ఆగుతాయి. కారులో ఇది కొన్ని క్షణాల కుదుపు. సైకిల్‌పై కట్ట ఎక్కేటప్పుడు కాలికి తగిలే బరువు, దిగేటప్పుడు వచ్చే తేలిక, నిర్మాతలు నేల వాలును ఎలా అర్థం చేసుకున్నారో తెలియజేస్తాయి. పై చెరువు మత్తడి నీరు కింది చెరువును నింపే గొలుసుకట్టు పద్ధతిని పటంలో చూడటం ఒక ఎత్తు. ఒక చెరువు నుంచి మరొక చెరువుకు పెద్దగా తొక్కనవసరం లేకుండా దిగుతూ పోవడం మరొక ఎత్తు.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకుంది. పూడిక, తూము, మత్తడి, కట్ట ఆ పథకంలో ప్రధానాంశాలు. కట్టపై సాగే బాటను చారిత్రక నిర్మాణంలో భాగంగా చూడటం ఇంకా అలవాటు కాలేదు.

ఈ జిల్లాలోని డోర్నకల్ మరో కాలాన్ని గుర్తుచేస్తుంది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో రూపొంది 1939లో ప్రతిష్ఠ జరిగిన చర్చి, ఆలయ, మసీదు వాస్తురీతులను కలుపుకొన్న కట్టడం.

5. భూపాలపల్లి: రెండు రకాల బాటలు

భూపాలపల్లి జిల్లా ఈ పరిశీలనకు సంక్లిష్టమైన ఉదాహరణ. గణపురంలో కాకతీయుల నాటి పెద్ద చెరువు, దానికి సమీపంలో ప్రాకారం లోపల చిన్నా పెద్దా ఆలయాల సముదాయమైన కోటగుళ్లు ఉన్నాయి. రేగొండ మండలంలోని పాండవుల గుట్టల్లో ఆదిమ మానవుల రంగు చిత్రాలున్నాయి. ఉత్తరాన గోదావరి, ప్రాణహిత సంగమం వద్ద కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు పూజలందుకుంటున్నాయి. 2019లో ములుగు విడిపోయాక రామప్ప పక్క జిల్లాకు చేరింది. 2021లో దానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. చెరువు, గుడి, ఊరు కలిసి ఉండే నిర్మాణ విధానం రామప్పలోనూ గణపురంలోనూ ఒకటే. ఆ పోలికను గ్రహించడానికి ఈ రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడటం అవసరం.

అదే గణపురం మండలంలోని చెల్పూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం, భూపాలపల్లిలో బొగ్గు గనులు, గోదావరి తీరంలో ఇసుక రవాణా ఉన్నాయి. భారీ లారీలు తిరిగే దారిలో సైకిల్ ప్రయాణం ప్రమాదకరం. ఒక మలుపు తిరిగితే మాత్రం మోదుగ, ఇప్ప చెట్ల మధ్య ఒంటరి బాట మొదలవుతుంది. ఈ జిల్లాలో సందడి లేని దారిని ఎంచుకోవాలంటే ఏ వనరు ఎటు తరలిపోతున్నదో తెలిసి ఉండాలి. సైకిల్ ప్రయాణికుడి దారి ఎంపిక ఇక్కడ ఆర్థిక భూగోళ పాఠం కూడా.

6. సైకిల్: బతుకుతెరువు నుంచి విహారం దాకా

సమాన చక్రాల సైకిల్ 1885లో ఇంగ్లండులో రూపుదిద్దుకుంది. 1888లో గాలి టైరు తోడై ఎగుడుదిగుడు దారులకు అనువైంది. తెలంగాణ పల్లెల్లో అది పనిముట్టుగా స్థిరపడింది. కల్లు కుండలు, పాల క్యాన్లు, బట్టల మూటలు, తపాలా సంచులు దానిపైనే సాగాయి. సీటు అందని పిల్లలు దండె కింది సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నారు. కిరాయి సైకిళ్ల దుకాణం ఊరి కూడలికి ఒక గుర్తు.

1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. చదువుతోపాటు స్వేచ్ఛగా తిరగగల శక్తి అవసరమని ఆ ఉద్యమం గుర్తించింది. బాటపై హక్కు గురించి కడవెండి లేవనెత్తిన ప్రశ్నకు ఇది మరో చోట, మరో కాలంలో వచ్చిన కొనసాగింపు.

నేడు పల్లెల్లో సైకిల్ స్థానాన్ని మోటారు సైకిల్ ఆక్రమించింది. గేర్ల సైకిల్‌పై నగరవాసి వచ్చే దారిలోనే పాత సైకిల్‌పై గడ్డిమోపు కట్టుకొని వచ్చే రైతు ఎదురవుతాడు. ఒకరికి అది కోరుకున్న నిదానం, మరొకరికి తప్పని నిదానం. ఈ తేడాను గుర్తించని గ్రామీణ పర్యాటకం ఊరిని కేవలం దృశ్యంగా మారుస్తుంది. ఊరి హోటల్లో చాయ తాగి, పంక్చర్ దుకాణంలో గాలి కొట్టించుకొని, చెరువు పేరు, ఆ పేరు వెనుక కథ పెద్దలను అడిగి తెలుసుకునే ప్రయాణం మాత్రమే అధ్యయనం అనిపించుకుంటుంది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఈ మూడు జిల్లాల పల్లె బాటల్లో అనేకం చెరువులు, గుళ్లు, గడుల మధ్య సంబంధాల నుంచి రూపొందాయి కాబట్టి వాటిని చారిత్రక ఆధారాలుగా చదవవచ్చు. రెండవది, వాటిపై సందడి తగ్గడానికి రైలు, రహదారి, పరిశ్రమల చరిత్ర కారణం. మూడవది, సైకిల్ వేగం ఈ ఆధారాలను చదవడానికి అనువైనది.

ప్రస్తుత పరిరక్షణ చట్టాలు గుడికీ కోటకూ శాసనానికీ వర్తిస్తాయి. గుడికి చేర్చే కట్ట బాట, దాని పక్కన ఉన్న వీరగల్లు, చింతచెట్టు వాటి పరిధిలోకి అరుదుగా వస్తాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందుగా పోయేవి ఇవే. ఊరికి మంచి రోడ్డు, బస్సు కావాలి. ఆ అవసరాన్ని కాదనకుండానే, పని మొదలుపెట్టే ముందు బాట పొడవునా ఉన్న రాళ్లను, చెట్లను, తూములను, స్థానిక నామాలను నమోదు చేయవచ్చు. మండలానికో తెలుగు లేదా చరిత్ర శాఖ విద్యార్థి బృందం, సైకిళ్లు, ఒక చలికాలం ఉంటే ఆ పని సాధ్యమే.