ఆటోలిస్ప్

ఆటోలిస్ప్ అనునది ఆటోక్యాడ్ అను డ్రాయింగు సాఫ్టువేరులో పదేపదే చేయవలసిన పనులను స్వయంచాలకం చేయుటకు రూపొందించబడిన ప్రోగ్రామింగు భాష. ఇది లిస్ప్ భాషా కుటుంబానికి చెందినది. దీని సహాయంతో డ్రాఫ్ట్స్‌మన్, సర్వేయరు, ఇంజనీరు, ఆర్కిటెక్టు తమ అవసరానికి తగిన కొత్త ఆదేశాలను తామే తయారు చేసుకొనవచ్చును. వృత్తిరీత్యా ప్రోగ్రామర్లు కానివారు కూడా నేర్చుకొని వాడుట ఈ భాష ప్రత్యేకత.

నేపథ్యం

డ్రాయింగు పనిలో ఆలోచించి చేయవలసిన భాగం కొంత, మార్పు లేకుండా మళ్ళీ మళ్ళీ చేయవలసిన భాగం కొంత ఉంటాయి. ఒక లేఅవుట్‌లోని ప్లాట్లకు వరుస సంఖ్యలు వేయుట, వందలాది అక్షరాల ఎత్తును ఒకే కొలతకు తెచ్చుట, తప్పు లేయరులో ఉన్న గీతలను సరైన లేయరుకు మార్చుట, సర్వే బిందువులను ఒక ఫైలు నుండి చదివి డ్రాయింగులో ఉంచుట రెండవ కోవకు చెందిన పనులు. ఇట్టి పనులను చేతితో చేసినచో సమయం వృథా అగుటయే కాక, అలసట వలన పొరపాట్లు దొర్లుతాయి. నూటయాభై ప్లాట్లకు సంఖ్యలు వేయునపుడు మధ్యలో ఒకటి తప్పితే, దాని తరువాతి సంఖ్యలన్నియూ తప్పుతాయి. ఈ భారాన్ని తగ్గించుటకే ఆటోలిస్ప్ ఉపయోగపడుతుంది.

చరిత్ర

లిస్ప్ భాషను 1958లో జాన్ మెకార్తీ అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రూపొందించాడు. ఇది కృత్రిమ మేధ పరిశోధనలలో ఎక్కువగా వాడబడింది. ఆటోక్యాడ్‌ను ఆటోడెస్క్ సంస్థ 1982లో విడుదల చేసింది.

డేవిడ్ బెట్జ్ రచించిన ఎక్స్‌లిస్ప్ యొక్క ఒక తొలి రూపం ఆధారంగా ఆటోలిస్ప్ తయారైనది. 1986 జనవరిలో ఆటోక్యాడ్ 2.18 వెర్షనుతో ఇది వాడుకదారులకు అందినది. ఆనాటి డాస్ కంప్యూటర్లలో మెమరీ చాలా తక్కువగా ఉండుట వలన, లిస్ప్ వాడుకొనగలిగిన మెమరీ పరిమాణాన్ని వాడుకదారే ముందుగా నిర్ణయించుకొనవలసి వచ్చేది. 13వ విడుదల వరకు ఈ భాషకు కొత్త సౌకర్యాలు చేరుతూ వచ్చాయి. తరువాత ఆటోడెస్క్ దృష్టి విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్, ఆబ్జెక్ట్ ఏఆర్ఎక్స్, డాట్‌నెట్ వంటి మార్గాలపైకి మళ్ళినది.

1999లో విడుదలైన ఆటోక్యాడ్ 2000తో పాటు విజువల్ లిస్ప్ అను అభివృద్ధి సాధనం కూడా లభించినది. ప్రోగ్రామును వ్రాయుటకు, తప్పులు వెతుకుటకు, మూలం ఇతరులకు కనబడకుండా కంపైల్ చేయుటకు ఇది ఉపకరిస్తుంది. 2020లో వచ్చిన ఆటోక్యాడ్ 2021 నుండి విజువల్ స్టూడియో కోడ్ అను ఎడిటరుతో కూడా ఆటోలిస్ప్ వ్రాయుటకు వీలు కలిగినది. చాలాకాలం పాటు తక్కువ ధర గల ఆటోక్యాడ్ ఎల్‌టీలో ఈ భాష పనిచేసేది కాదు. 2023లో విడుదలైన ఆటోక్యాడ్ ఎల్‌టీ 2024తో ఆ లోటు తీరినది.

భాషా స్వరూపం

ఆటోలిస్ప్‌లో ప్రతి వాక్యమూ కుండలీకరణాల మధ్య ఉంటుంది. చేయవలసిన పని ముందు, ఆ పనికి కావలసిన విలువలు తరువాత వస్తాయి. రెండునూ మూడునూ కూడుటకు (+ 2 3) అని వ్రాయాలి. ఒక కుండలీకరణంలో మరియొకటి ఉన్నచో లోపలిది ముందు లెక్కించబడుతుంది. ఉదాహరణకు (* (+ 2 3) 4) అనగా ముందు 5, తరువాత 20 వస్తుంది. తెరిచిన ప్రతి కుండలీకరణాన్నీ మూయవలెను. కొత్తగా నేర్చుకొనువారికి ఎక్కువగా ఎదురయ్యే తప్పు ఇదే.

ఈ భాషలో జాబితాకు ప్రధాన స్థానం ఉన్నది. డ్రాయింగులోని ఒక బిందువు కూడా మూడు సంఖ్యల జాబితాయే. (10.0 20.0 0.0) అనగా అడ్డంగా 10, నిలువుగా 20, ఎత్తు 0 గల బిందువు. లిస్ప్ భాష ఆటోక్యాడ్‌కు సులభంగా అమరుటకు ఇది ఒక కారణం.

తరచుగా వాడే కొన్ని ఫంక్షన్లు:

* సెట్‌క్యూ - ఒక పేరుకు విలువను ఇస్తుంది.
* డీఫన్ - కొత్త ఫంక్షనును నిర్వచిస్తుంది. పేరుకు ముందు "సీ" అక్షరము, కోలను చేర్చినచో అది ఆటోక్యాడ్ ఆదేశం వలె పనిచేస్తుంది.
* గెట్‌పాయింట్ - తెరపై ఒక బిందువును చూపమని వాడుకదారును అడుగుతుంది.
* కమాండ్ - ఆటోక్యాడ్‌లో ఉన్న ఏ ఆదేశాన్నైనా ప్రోగ్రాము నుండి నడిపిస్తుంది.
* ఎస్ఎస్‌గెట్ - కోరిన లక్షణాలు గల వస్తువులను ఒక సమూహంగా ఎన్నుకొంటుంది.
* ఎంట్‌గెట్, ఎంట్‌మాడ్ - ఒక వస్తువు వివరాలను చదువుతాయి, మారుస్తాయి.

వస్తువుల వివరాలు

ఆటోక్యాడ్ ప్రతి గీతను, వృత్తాన్ని, అక్షరాలను కొన్ని సంఖ్యా సంకేతాలతో భద్రపరుస్తుంది. 0 అను సంకేతం వస్తువు రకాన్ని, 8 లేయరు పేరును, 10 మొదటి బిందువును లేదా కేంద్రాన్ని తెలియజేస్తాయి. వృత్తం విషయంలో 40 వ్యాసార్థాన్ని తెలుపుతుంది. ఉదాహరణకు ఒక వృత్తం వివరాలలో (8 . "గోడలు"), (40 . 5.0) అని ఉన్నచో, అది గోడలు అను లేయరులో ఉన్నదనియు, దాని వ్యాసార్థం 5 అనియు అర్థం. 40 పక్కన ఉన్న విలువను 6.0గా మార్చి తిరిగి అప్పగించినచో వృత్తం పెద్దదవుతుంది. ఈ పద్ధతిలో వేలకొలది వస్తువులను ఒక్క ఆదేశంతో సవరించవచ్చును.

ఒక ఉదాహరణ: ప్లాటు వైశాల్యం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇళ్ళస్థలాల క్రయవిక్రయాలు సాధారణంగా చదరపు గజాలలో జరుగుతాయి. డ్రాయింగు మాత్రం మీటర్లలో ఉండవచ్చు. ప్లాటు సరిహద్దును చూపగానే వైశాల్యాన్ని చదరపు గజాలలోకి మార్చి ప్లాటు మధ్యలో వ్రాసే ఆదేశాన్ని ఆటోలిస్ప్‌లో ఈ క్రమంలో తయారు చేయవచ్చును:

1. వాడుకదారును ప్లాటు సరిహద్దు గీతపై క్లిక్ చేయమని అడగాలి.
2. ఎన్నుకొన్నది పాలీలైన్ అవునా, కాదా చూడాలి. అది మూసిన గీత అవునో కాదో 70 అను సంకేతం వలన తెలుస్తుంది. కానిచో సందేశం చూపి ఆగిపోవాలి.
3. ఏరియా ఆదేశాన్ని నడిపి, వచ్చిన విలువను చదవాలి.
4. ఆ విలువను 0.83612736తో భాగించాలి. ఒక చదరపు గజానికి అన్ని చదరపు మీటర్లు.
5. ఫలితాన్ని రెండు దశాంశ స్థానాలతో అక్షరాలుగా మార్చాలి.
6. ఎక్కడ వ్రాయాలో చూపమని అడిగి, అక్కడ వ్రాయాలి.

9 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు గల ప్లాటు వైశాల్యం 162 చదరపు మీటర్లు. పై ఆదేశం దానిని 193.75 చదరపు గజాలుగా చూపుతుంది.

ఇందులో రెండవ మెట్టు ముఖ్యమైనది. సరిహద్దు మూసి లేకున్ననూ ఆటోక్యాడ్ మొదటి, చివరి బిందువులను కలిపినట్లు భావించి ఏదో ఒక వైశాల్యాన్ని ఇస్తుంది, హెచ్చరిక ఇవ్వదు. ఒక మూల గీయడం మరచిన ప్లాటుకు కూడా చూచుటకు నమ్మదగినట్లే ఉన్న సంఖ్య వస్తుంది. అట్లే డ్రాయింగు మిల్లీమీటర్లలో ఉన్నచో అదే ప్లాటు వైశాల్యం 16,20,00,000గా వస్తుంది. దానిని ముందుగా పది లక్షలతో భాగించవలెను.

సాధారణంగా జరిగే పొరపాట్లు

చేతితో చేసిన తప్పు ఒకచోట ఉంటుంది. ప్రోగ్రాములోని తప్పు డ్రాయింగు అంతటా ఒకే తీరున ఉంటుంది కనుక కంటికి వెంటనే కనబడదు. అందువలన క్రింది విషయాలలో జాగ్రత్త అవసరం.

పూర్ణాంక భాగహారం: రెండు పూర్ణాంకాలను భాగించినపుడు ఆటోలిస్ప్ దశాంశ భాగాన్ని వదలివేస్తుంది. 45 మీటర్ల ముఖభాగాన్ని నాలుగు ప్లాట్లుగా విభజించుటకు (/ 45 4) అని వ్రాసినచో 11 మాత్రమే వస్తుంది. (/ 45.0 4) అని వ్రాసినపుడే 11.25 వస్తుంది. మొదటి పద్ధతిలో నాలుగు ప్లాట్లు గీసిన తరువాత చివర ఒక మీటరు మిగిలిపోతుంది. స్థలం లోతు 18 మీటర్లైతే అది 18 చదరపు మీటర్లు, అనగా సుమారు 21.5 చదరపు గజాల నేల.

కోణాలు: ఆటోలిస్ప్ కోణాలను డిగ్రీలలో కాక రేడియన్లలో తీసుకొంటుంది. 90 డిగ్రీలు అనగా సుమారు 1.5708 రేడియన్లు. పోలార్ ఫంక్షనుకు నేరుగా 90 అని ఇచ్చినచో బిందువు నిటారుగా పైకి కాక సుమారు 116.6 డిగ్రీల దిశలో పడుతుంది.

ఆబ్జెక్ట్ స్నాప్: వాడుకదారు స్నాప్ అమరికలు పనిచేయుచున్నపుడు కమాండ్ ఫంక్షను ద్వారా గీసిన గీతలు, ఇచ్చిన బిందువుకు కాక దాని సమీపంలోని మరొక గీత కొసకు అతుక్కొనవచ్చును. తెరపై దూరం నుండి చూచునపుడు ఈ తేడా తెలియదు. అందువలన ప్రోగ్రాము మొదట స్నాప్‌ను ఆపి, చివర పాత అమరికను పునరుద్ధరించవలెను. వాడుకదారు మధ్యలో ఎస్కేప్ నొక్కినచో ప్రోగ్రాము చివరి వరకు వెళ్ళదు కనుక, పునరుద్ధరించే పనిని ఎర్రర్ ఫంక్షనులో కూడా వ్రాయాలి.

స్థానిక పేర్లు: ఫంక్షనులో వాడే పేర్లను స్థానికమైనవిగా ప్రకటించనిచో, వాటి విలువలు ఆ డ్రాయింగు మూసేవరకు నిలిచి ఉంటాయి. నిన్నటి ప్రోగ్రాము మిగిల్చిన సంఖ్యను నేటి ప్రోగ్రాము తనదిగా తీసుకొనే ప్రమాదం ఉన్నది.

ఆదేశం చేసిన మార్పులన్నింటినీ అన్‌డూ ఆదేశంతో ఒకే గుంపుగా చేర్చినచో, తప్పు జరిగినపుడు ఒక్కసారిగా వెనుకకు మరలవచ్చును. కొత్త ప్రోగ్రామును ముందుగా డ్రాయింగు నకలుపై నడిపి, రెండు మూడు ఫలితాలను చేతితో లెక్కించి సరిచూచుకొనుట మంచి పద్ధతి.

భద్రత

ఆటోక్యాడ్ ప్రారంభమైనపుడు, డ్రాయింగు తెరిచినపుడు కొన్ని నిర్ణీత పేర్లు గల లిస్ప్ ఫైళ్ళను తనంతట తానే నడుపుతుంది. ఈ సౌకర్యాన్ని ఆసరాగా తీసుకొని వైరస్‌లు వ్రాసినవారు ఉన్నారు. ఇతరుల నుండి వచ్చిన డ్రాయింగుల ఫోల్డరులో అట్టి ఫైలు దాగి ఉన్నచో, డ్రాయింగు తెరిచినంతనే అది నడిచేది. 2012లో మెడ్రే అను వార్మ్ ముఖ్యంగా పెరూ దేశంలో వ్యాపించినది. ఆటోలిస్ప్‌లో వ్రాయబడిన ఈ వార్మ్, సోకిన కంప్యూటర్లలో తెరిచిన డ్రాయింగులను చైనాలోని ఈమెయిలు ఖాతాలకు పంపినది. ఈ విధంగా వేలాది డ్రాయింగులు యజమానులకు తెలియకుండా బయటకు పోయినవి.

ఆటోక్యాడ్ 2014 నుండి, నమ్మకమైనవిగా పేర్కొన్న ఫోల్డర్లలో లేని ప్రోగ్రాములను నడిపే ముందు హెచ్చరించే ఏర్పాటు ఉన్నది. ఈ హెచ్చరిక విసుగు పుట్టించినదని దానిని పూర్తిగా ఆపివేయుట సరికాదు. సొంత ప్రోగ్రాములను ఒక ప్రత్యేక ఫోల్డరులో ఉంచి, దానిని మాత్రమే నమ్మకమైనదిగా చేర్చవలెను.

తెలుగు లిపి

ఆటోక్యాడ్ 2021కు ముందు ఆటోలిస్ప్‌లో యూనికోడ్‌కు పూర్తి మద్దతు లేదు. విండోస్‌లో తెలుగుకు పాత పద్ధతి కోడ్ పేజీ కూడా లేకుండుట వలన, లిస్ప్ ఫైలులో తెలుగు అక్షరాలను నేరుగా వ్రాయుట సాధ్యపడేది కాదు. అక్షరం యొక్క యూనికోడ్ సంఖ్యను సంకేతంగా ఇచ్చుట ఒక మార్గంగా ఉండేది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 0సీ00 నుండి 0సీ7ఎఫ్ వరకు స్థానాలు కేటాయించబడినవి, "అ" అక్షరం సంఖ్య 0సీ05. ఆటోక్యాడ్ 2021 నుండి యూనికోడ్ ఆటోలిస్ప్‌ను ఎన్నుకొనే అమరిక లభించుటచే ఈ ఇబ్బంది తగ్గినది.

ఇతర మార్గాలు

స్క్రిప్టు ఫైలు: ఇది ఆటోలిస్ప్ కంటే సులభమైనది. కీబోర్డుపై టైపు చేయవలసిన ఆదేశాలను వరుసగా ఒక టెక్స్టు ఫైలులో వ్రాసినచో ఆటోక్యాడ్ వాటిని అమలు చేస్తుంది. ఇందులో ఖాళీ జాగా కూడా ఎంటర్ నొక్కినట్లే లెక్క కనుక, అదనంగా ఒక ఖాళీ పడినచో వరుస అంతా తప్పుతుంది. లెక్కలు, నిర్ణయాలు దీనితో సాధ్యం కావు. అయితే అనేక డ్రాయింగులను ఒక్కొక్కటిగా తెరచి, లిస్ప్ ఆదేశాన్ని నడిపి, భద్రపరచుటకు ఇది అనువైనది.

విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్: 1997లో వచ్చిన 14వ విడుదలతో లభించినది. ఆటోక్యాడ్ 2010 నుండి దీనిని విడిగా దిగుమతి చేసుకొనవలసి ఉన్నది.

ఆబ్జెక్ట్ ఏఆర్ఎక్స్, డాట్‌నెట్: పెద్ద సాఫ్టువేర్ల తయారీకి తగినవి. వేగం, సామర్థ్యం ఎక్కువ. నేర్చుకొనుటకు పట్టే కాలం కూడా ఎక్కువ.

ఆటోక్యాడ్‌కు ప్రత్యామ్నాయాలైన బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యుక్యాడ్, జీస్టార్‌క్యాడ్ వంటివి కూడా లిస్ప్ ప్రోగ్రాములను నడుపుతాయి. అందువలన ఇరవై, ముప్పై ఏళ్ళ క్రితం వ్రాసిన చిన్న ప్రోగ్రాములు పలుచోట్ల స్వల్ప మార్పులతోనో, ఏ మార్పూ లేకుండానో నేటికీ పనిచేస్తున్నాయి. ప్రోగ్రామును వ్రాసిన వ్యక్తి ఉద్యోగం మారిన తరువాత కూడా ఆ ఆదేశం కార్యాలయంలో మిగిలి ఉండుట సాధారణం. కనుక ప్రోగ్రాము చేసే పనిని, ఊహించిన కొలమానాలను, వ్రాసిన తేదీని ఫైలు పైభాగంలో వ్యాఖ్యగా వ్రాసి ఉంచుట తరువాత వచ్చినవారికి ఎంతో మేలు చేస్తుంది. సెమికోలన్‌తో మొదలయ్యే వాక్యాలను ఆటోలిస్ప్ వ్యాఖ్యలుగా భావించి వదలివేస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఆటోక్యాడ్
* లిస్ప్
* జాన్ మెకార్తీ
* ఇంజనీరింగు డ్రాయింగు
* యూనికోడ్