లేమి నేర్పిన పాఠము

మన కంఠములో, శ్వాసనాళమునకు ముందు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక వలె ఒక చిన్న గ్రంథి ఉన్నది. పెద్దవారిలో దాని తూకము ఇంచుమించు 20 గ్రాములు. శాస్త్రగ్రంథాలు దీనిని అవటుగ్రంథి అంటాయి. థైరాయిడ్ అనే పేరు ఇప్పుడు ఇంటింటా వినబడుతున్నది. లాలాజలమును నోటికి చేర్చే గ్రంథులకు నాళాలున్నాయి. దీనికి అట్టి నాళమేదీ లేదు. అందువల్ల దీని పని ఏమిటో పూర్వవైద్యులకు బోధపడలేదు. 1656లో దీనిని వర్ణించిన ఆంగ్లవైద్యుడు థామస్ వార్టన్, మెడకు నునుపును అందమును ఇచ్చుట కూడ దీని ప్రయోజనములలో ఒకటని తలచినాడు. ఉన్నంతకాలము ఈ గ్రంథి తన సంగతి చెప్పలేదు. లేకపోయినప్పుడే చెప్పింది.

ఆ మాట మొదట స్విట్జర్లండులో వినబడింది. ఆల్ప్సు పర్వతాల లోయలలో గళగండము తరతరాలుగా ఉన్న వ్యాధి. కొందరికి ఆ వాపు శ్వాసను అడ్డగించేటంతగా పెరిగేది. 1872లో బెర్న్ విశ్వవిద్యాలయమున శస్త్రచికిత్సాచార్యుడైన థియొడోర్ కోకర్ దానిని కోసి తీయుటలో అసమానమైన నేర్పు సంపాదించినాడు. ఆయన చేతిలో రక్తస్రావము తగ్గింది, మరణాలు తగ్గినాయి. రోగులు నడిచి ఇండ్లకు పోయినారు. కథ అక్కడితో ముగిసినట్లే కనిపించింది.

కాని 1882లో జెనీవాకు చెందిన రెవెర్డాన్ అనే శస్త్రవైద్యుడు, గ్రంథిని పూర్తిగా తీసినవారిలో కొందరు తరువాత వింతగా క్షీణిస్తున్నారని తెలియజేసినాడు. 1874లో తాను శస్త్రచికిత్స చేసిన ఒక బాలిక మందబుద్ధి అయినదని కోకరు కూడ విని ఉన్నాడు. ఆయన తన పాత రోగులను తిరిగి పిలిపించినాడు. వచ్చినవారిని చూచి నిశ్చేష్టుడైనాడు. గ్రంథిని సాంతము కోల్పోయినవారిలో అత్యధికుల ముఖాలు ఉబ్బినాయి, చర్మము మొద్దుబారింది, మాట మందగించింది; పిల్లల ఎదుగుదల ఆగిపోయింది. 1883లో బెర్లినులో జరిగిన శస్త్రవైద్యుల సభలో ఆయన ఈ సంగతిని దాచక చెప్పినాడు. కారణమును మాత్రము సరిగా ఊహించలేదు. శ్వాసనాళము దెబ్బతిని గాలి చాలకపోవుటే మూలమనుకొన్నాడు. అయినను, తన చేతి పనివలన కలిగిన హానిని తానే వెదకి లోకమునకు చెప్పుట సామాన్యము కాదు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

కోకరు చెప్పిన లక్షణాల వెనుక ఉన్నది గ్రంథి లేమియేనని లండనులో విక్టర్ హార్స్లీ కోతులపై చేసిన ప్రయోగాలు బలపరచినాయి. లేనిదానిని బయటినుండి ఇచ్చిన నేమి? 1891లో న్యూకాజిల్ నగరమున జార్జి ముర్రే అనే యువవైద్యుడు, గొర్రె అవటుగ్రంథినుండి తీసిన సారమును, ఈ గ్రంథి క్షీణించిన 46 ఏండ్ల స్త్రీకి సూదిద్వారా ఎక్కించినాడు. ఆమె కోలుకొన్నది, ఆ చికిత్సతోనే 1919 వరకు జీవించింది. నాళము లేని గ్రంథి తన సారమును నేరుగా రక్తములోనే కలుపుతున్నదని దీనితో తేటపడింది. అట్టి సారములకు హార్మోనులన్న పేరును 1905లో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చినాడు. 1914 డిసెంబరు 25వ తేదీన అమెరికాలో కెండాల్ ఈ గ్రంథి హార్మోనును స్ఫటికరూపమున వేరుచేసినాడు. అదే థైరాక్సిన్. దాని అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులు ఉంటాయి.

గళగండపు రహస్యమంతా ఆ నాలుగు పరమాణువులలోనే ఉన్నది. మెదడు అడుగున శనగగింజంత పీయూషగ్రంథి ఉన్నది. రక్తములో థైరాక్సిన్ తగ్గగానే అది మరొక హార్మోనును పంపి అవటుగ్రంథిని పనికి పురికొల్పుతుంది. ఆహారములో అయొడిన్ లేనప్పుడు ఎంత పురికొల్పినా సరుకు తయారు కాదు. ముడిసరుకు లేదని పైనున్న అధికారికి తెలియదు. ఆజ్ఞ మీద ఆజ్ఞ వస్తూనే ఉంటుంది. పాపము, గ్రంథి తన శరీరమునే పెంచుకొంటుంది. పైకి కనబడే ఆ వాపుకంటె కనబడని హాని ఘోరమైనది: గర్భిణికి అయొడిన్ మిక్కిలి కొరవడితే కడుపులోని శిశువు మెదడు సరిగా ఎదగదు. ఆ నష్టము తరువాత ఏ మందుకూ తీరదు.

మంచు, వానలు కొండల మట్టినుండి అయొడినును కడిగి సముద్రమునకు చేర్చుతాయి. కనుక ఆల్ప్సు లోయల కష్టమే మన హిమాలయపు లోయలకూ వచ్చింది. స్విట్జర్లండు 1922లో ఉప్పులో అయొడిన్ కలుపుట ప్రారంభించింది. మన దేశములో ఆ పనికి రుజువు సంపాదించినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. శ్రీకాకుళములో పుట్టి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో సహచరులతో కలసి, నాడు పంజాబులోను నేడు హిమాచల్ ప్రదేశ్‌లోను ఉన్న కాంగ్రా లోయను ఎన్నుకొన్నారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును అందించినారు. 1962 నాటికి మొదటి రెండు భాగాలలో గళగండము సగమో, అంతకన్న ఎక్కువో తగ్గింది. మూడవ భాగములో తగ్గలేదు. పిమ్మట అక్కడికీ అయొడిన్ ఉప్పు పంపినారు. ఆ సంవత్సరమే జాతీయ గళగండ నివారణ కార్యక్రమము ప్రారంభమైనది.

ఆ మూడవ భాగపు ప్రజలను మనము మరువరాదు. బెర్న్ రోగుల వలెనే వారును లేమిని అనుభవించి ఇతరులకు పాఠమైనారు. పోలికకు వారు లేనిదే రుజువు లేదు. కాని ఆ ఏండ్లలో అక్కడ పుట్టిన బిడ్డలు ఆ ఉప్పుకోసము వేచి ఉండలేరు గదా! జ్ఞానమునకు వెల ఉన్నది. ఆ వెలను చెల్లించినవారి పేర్లు చరిత్రకు ఎక్కవు.

పెద్దవారికి దినమునకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. డెబ్బది ఏండ్ల జీవితానికి లెక్కకట్టినా నాలుగు గ్రాములు దాటదు. గర్భిణికి మరికొంత ఎక్కువ కావలెను. ఇంటి ఇల్లాలు కూరలో వేసే చిటికెడు ఉప్పులో అది నేడు మారుమాట లేక చేరుతున్నది. ఉన్నంతకాలము దాని సంగతి మనకు తెలియకపోవుటే అది చేస్తున్న మేలుకు గుర్తు.