సినిమా వదలివేసిన పాట

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములలోని పాత యిండ్లు ఒక్కొక్కటిగా పడిపోయి, వాని స్థానమున అంతస్తుల భవనములు లేచుచున్నవి. ఇల్లు ఖాళీచేయునపుడు మంచములకు, బీరువాలకు క్రొత్తచోట స్థలము దొరకును గాని గ్రామఫోను రికార్డుల పెట్టెకు దొరకదు. పాతసామానులవాడును దానిని తూకమునకు తీసికొనడు. లక్కతో చేసిన పళ్లెము చేయిజారినచో పెంకులే మిగులును. అశోక్‌నగరులో మా పెద్దమ్మ యింట అట్టి పెట్టెను పారవేయబోవుచుండగా నేను అడ్డుపడితిని. అడుగున, సంచి చిరిగి, అంచున పెచ్చు లేచిన రికార్డొకటి యుండెను. లేబులుపై వెలిసిన అక్షరములలో టంగుటూరి సూర్యకుమారి పేరు కష్టముమీద చదువనైనది. పాట ‘మా తెలుగు తల్లికి’.

ఈ పాట తెలియని తెలుగువారు అరుదు. పాఠశాలలలోను, సభలలోను పదిమంది గొంతుకలిపి పాడగా వినియే యుందురు. కాని ఈ పాత రికార్డును విన్నవారు నేడెందరు? నేనును అంతవరకు వినలేదని ఒప్పుకొనుట మంచిది.

తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారిగారు ఈ గీతమును ‘దీనబంధు’ చిత్రముకొఱకు రచించిరి. ఆ చిత్రము 1942లో వెలువడినది. పాట మాత్రము అందు చేరలేదు. సినిమా పాటను సినిమాయే ఊరూరికి మోసికొనిపోవును. సినిమాతో నిమిత్తము లేని పాటకు ఆ దినములలో పెద్ద త్రోవలు రెండే: ఒకటి రేడియో, రెండవది ‘ప్రైవేటు రికార్డు’. పది అంగుళముల పళ్లెము నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక ప్రక్క మూడు నిమిషములకు పైన కొంచెము మాత్రమే పట్టును. ప్రక్క మార్చినపుడెల్ల క్రొత్త ముల్లు పెట్టవలెను. నాటకపద్యములు, హరికథలు, భావగీతములు ఈ విధముగనే గృహములకు చేరినవి. సుందరాచారిగారి గీతమును అట్లే సూర్యకుమారిగారి కంఠమున బయటపడినది.

ఆమె ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. 1937లో ‘విప్రనారాయణ’లో బాలనటి, 1939లో ‘రైతుబిడ్డ’లో నటించి పాడినది. 1961లో న్యూయార్కులో రవీంద్రుని నాటకమున రాణి పాత్ర ధరించి మెప్పు పొందినది. తరువాత లండనులో స్థిరపడి 2005లో అచ్చటనే కన్నుమూసినది.

పాటలో అమరావతి శిల్పము, త్యాగయ్య గానము, తిక్కన కవిత్వము, రుద్రమ శౌర్యము, కృష్ణరాయల కీర్తి ఒక్కచోట కూడినవి. 1942లో ఓరుగల్లు నిజాము ఏలుబడిలోనిది. అమరావతియు, తిక్కన పుట్టిన సీమయు చెన్నరాజధానిలోనివి. త్యాగయ్య పాడినది తమిళదేశమున. రెండు ప్రభుత్వముల క్రింద చీలియున్న జాతిని కవి మూడు నిమిషములలో ఒక్కటిచేసెను. రాష్ట్రము ఏర్పడుటకు మఱి 14 సంవత్సరములు పట్టినది. 1956లో రాజధాని కర్నూలునుండి హైదరాబాదునకు మారినపుడు ఉద్యోగుల సంసారములు ఈ పేటలలో అద్దెకు దిగినవి. ఈ పెట్టెయు అట్లే, బియ్యపు బస్తాల నడుమ, లారీలో వచ్చినదని మా పెద్దమ్మ చెప్పినది.

1975లో, ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలు ఈ నగరమున జరిగిన యేటనే, ఆ పాట ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైనది. సినిమా వదలివేసిన 33 ఏండ్లకు! రెండేండ్లకు, 1977లో, కవి గతించెను. తేటగీతిపై మక్కువతో ‘సుందర రామాయణము’ వంటి గ్రంథములు వ్రాసిన యా మహాశయుని పేరు, గీతమును కంఠస్థము చేసిన పిల్లలలో ఎందరికి చెప్పబడినదో సందేహమే.

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున రోడ్రిగ్జ్ అను గాయకుని రికార్డు 1970లో వెలువడి స్వదేశమున అమ్ముడుపోలేదు. దక్షిణాఫ్రికాలో ఇంటింట మ్రోగినది. ఆ సంగతి ఆయనకే చాలకాలము తెలియదు. అచ్చట మఱుగుపడినది రికార్డు. మనయెడ పాట నిలిచినది, దానిని నిలిపినవారు మఱుగుపడిరి.

రాష్ట్రము 2014లో విడిపోయినది. 2024లో తెలంగాణ అందెశ్రీగారి గీతమును తన గీతముగా స్వీకరించినది. సుందరాచారిగారి పాట ఆంధ్రప్రదేశమున కొనసాగుచున్నది. అశోక్‌నగరులోని యీ పళ్లెమునకు ఇపుడు ఈ నగరమున అధికార హోదా లేదు. 1942లోను లేదు గదా!

ఒక మిత్రుని యంత్రముపై దానిని వినిపించితిమి. గరగర నడుమ ఒంటరి కంఠము, బృందగానముల తొందర లేక, నిదానముగా వచ్చినది. అంచు విఱిగినందున మొదటి చుట్లు దక్కలేదు. ముల్లు రెండుమార్లు జారగా, ఆ లోటును మా పెద్దమ్మ తానే పాడి పూరించి, పిమ్మట ఊరకుండి వినినది.